సామాజిక చిత్రశాలలో కళాప్రదర్శన

లాభాపేక్ష లేకుండా స్థానిక కళాకారుల కోసం, చుట్టుపక్కల జనం కోసం నడిచే ప్రదర్శనశాలను సామాజిక చిత్రశాల అంటారు. కళాసంఘం, ట్రస్టు, పురపాలక సంస్థ, విశ్వవిద్యాలయం, ప్రభుత్వ అకాడమీ – వీటిలో ఏదైనా దాన్ని నిర్వహించవచ్చు. కొన్నిచోట్ల కళాకారులే చందాలు వేసుకుని నడుపుకుంటారు. ప్రైవేటు గ్యాలరీ తనకు నచ్చిన కళాకారులను ఎంచుకుంటుంది, వాళ్లమీద డబ్బు పెడుతుంది, కొనేవాళ్లను పిలుస్తుంది, అమ్మకంలో తరచుగా సగం దాకా తీసుకుంటుంది. సామాజిక చిత్రశాల హాలు ఇస్తుంది, దీపాలు ఇస్తుంది, వేళకు తలుపు తెరుస్తుంది. బొమ్మల ఎంపిక, ఫ్రేములు, రవాణా, గోడకు తగిలించడం, ఆహ్వానపత్రాలు, ధరల పట్టిక, వచ్చినవాళ్లతో మాట్లాడటం, చివరి రోజు గోడలు ఖాళీ చేయడం చాలావరకు కళాకారుల బాధ్యతే. మొదటిసారి ప్రదర్శన పెట్టేవాళ్లు ముందుగా గ్రహించవలసింది ఇదే. ఇక్కడ కళాకారుడే తన ప్రదర్శనకు నిర్వాహకుడు.

ఇంత శ్రమకు ప్రతిఫలం ప్రేక్షకులు. ప్రైవేటు గ్యాలరీ గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లడానికి జంకే మనిషి కూడా గ్రంథాలయం పక్కన ఉన్న హాల్లోకి చొరవగా నడిచి వస్తాడు. బడిపిల్లలు వస్తారు, సాయంకాలం నడకకు వచ్చిన విశ్రాంత ఉద్యోగులు వస్తారు, కూరగాయల సంచితో ఆగి చూసేవాళ్లూ ఉంటారు. ఈ ప్రేక్షకులను మనసులో పెట్టుకుని సిద్ధమైన ప్రదర్శనకూ, ధనవంతులైన కొనుగోలుదారుల కోసం మాత్రమే సిద్ధమైన ప్రదర్శనకూ ఎంతో తేడా ఉంటుంది.

చరిత్ర

ఎవరి బొమ్మలు జనం చూడాలో ఒక అధికారిక కమిటీ తేల్చే పద్ధతిమీద తిరుగుబాటుగా ఈ ఆలోచన పెరిగింది. 1863లో అధికారిక ప్రదర్శన అయిన పారిస్ సలోన్ పెద్ద సంఖ్యలో చిత్రాలను తిరస్కరించినప్పుడు కళాకారుల నిరసన చూసి మూడో నెపోలియన్ చక్రవర్తి, తిరస్కృతులకు వేరే ప్రదర్శన ఏర్పాటు చేయించాడు. 1874 ఏప్రిల్‌లో మోనే, రెన్వార్, దెగా తదితరులు ఫొటోగ్రాఫర్ నాదార్ స్టూడియోలో సొంత ఖర్చుతో ప్రదర్శన పెట్టుకున్నారు. ఇంప్రెషనిజం చరిత్ర అక్కడినుంచే మొదలవుతుంది. 1884లో సరా, సిన్యాక్, రెదాన్ వంటివారు పారిస్‌లో ఏర్పరచిన స్వతంత్ర కళాకారుల సంఘం న్యాయనిర్ణేతలూ లేని, బహుమతులూ లేని వార్షిక ప్రదర్శనను నియమంగా పెట్టుకుంది.

పేటపేటకూ చిత్రశాల అన్న ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేసింది అమెరికా. ఆర్థిక మాంద్యం కాలంలో, 1935లో మొదలైన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కింద దేశమంతటా వందకు పైగా సామాజిక కళాకేంద్రాలు వెలిశాయి. న్యూయార్క్ హార్లెమ్‌లో 1937లో తెరిచిన కేంద్రానికి శిల్పి ఆగస్టా సావేజ్ మొదటి డైరెక్టరు. చికాగో దక్షిణ భాగంలో నల్లజాతి కళాకారులు, స్థానికులు చందాలు పోగుచేసి ఒక పాత భవనం కొని, ఆ ప్రాజెక్టు నిధి అండతో 1940లో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌ను ప్రారంభించారు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి దాన్ని అంకితం చేశారు. గోర్డన్ పార్క్స్ అనే యువ ఫొటోగ్రాఫర్ ఆ భవనం నేలమాళిగలోని డార్క్‌రూమ్‌లో పనిచేసుకునేవాడు. చికాగో పేదల జీవితంమీద తీసిన ఛాయాచిత్రాలు ప్రదర్శించాక ఆయనకు రోసెన్‌వాల్డ్ ఫెలోషిప్ వచ్చింది. ఆ శతాబ్దపు గొప్ప ఫొటోగ్రాఫర్లలో ఒకడయ్యాడు. ఫెడరల్ ప్రాజెక్టు 1943లో ఆగిపోయింది గాని చికాగో కేంద్రం ఈనాటికీ నడుస్తోంది. ప్రభుత్వ నిధితో పుట్టిన సంస్థ ఆ నిధి ఎండిపోయాక కూడా బతికిందంటే ఆ పేటవాళ్లు దాన్ని తమదనుకోవడమే కారణం.

భారతదేశంలో 1888లో స్థాపించిన బొంబాయి ఆర్ట్ సొసైటీ, 1933లో లేడీ రాణు ముఖర్జీ కలకత్తాలో నెలకొల్పిన అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ తొలి అండలు. హుసేన్, సూజా, రజా మొదలైన చిత్రకారుల ప్రోగ్రెసివ్ బృందం 1949లో బొంబాయిలో ప్రదర్శన పెట్టుకున్నది ఆ సొసైటీ వారి హాల్లోనే. ఆ నగరంలో ఎవరైనా అద్దెకు తీసుకుని బొమ్మలు పెట్టుకోగల శాశ్వత ప్రదర్శనశాల 1952 జనవరి 21న వచ్చింది. సర్ కావస్‌జీ జహంగీర్ విరాళంతో కట్టిన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ అది. దాన్ని కట్టించడం వెనుక చిత్రకారుడు కె.కె. హెబ్బార్, శాస్త్రవేత్త హోమీ భాభా ప్రోద్బలం ఉంది. అక్కడ ఒక్కో కళాకారుడికి వారం రోజులు. ఆ వారం కోసం ఏళ్లతరబడి ఎదురు చూసేవాళ్లున్నారు. 1954లో ఏర్పడిన కేంద్ర లలిత కళా అకాడమీ ఢిల్లీ రవీంద్ర భవన్‌లోను, చెన్నై వంటి ప్రాంతీయ కేంద్రాలలోను గ్యాలరీలు నడుపుతోంది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో మద్రాసు శివార్లలో కళాకారులు తామే భూమి కొని కట్టుకున్న చోళమండలం కళాకారుల గ్రామం మరో దారి చూపింది. వాళ్లు బతకడానికి బాతిక్ వంటి చేతిపనులు అమ్ముకుంటూ, బొమ్మలకు సొంత ప్రదర్శనశాల ఏర్పరచుకున్నారు.

తెలుగు నేలమీద ఈ చరిత్ర రాజమహేంద్రవరంతో మొదలుపెట్టాలి. చిత్రకారుడు దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. బొంబాయి జె.జె. స్కూలులో చదువుకుని తిరిగివచ్చిన రామారావు సొంత ఊళ్లోనే చిత్రకళాశాల నెలకొల్పాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో కన్నుమూశాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పనిని ముందుకు నడిపాడు. రామారావు పేరనున్న చిత్రకళా మందిరంలో ఆయన బొమ్మలు నేటికీ చూడవచ్చు. హైదరాబాదులో 1941లో ఏర్పడిన హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ వార్షిక ప్రదర్శనలతో ఎందరికో తొలి వేదిక అయింది. చిత్రకారుడు పి.టి. రెడ్డి నారాయణగూడలో సుధర్మ పేరుతో సొంత గ్యాలరీ నడిపాడు. మరో చిత్రకారుడు కాపు రాజయ్య సిద్దిపేటలో లలిత కళా సమితి స్థాపించి జిల్లా పట్టణానికే ప్రదర్శనలు తెచ్చాడు. ఈ రోజు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, రవీంద్రభారతి ప్రాంగణంలోని గ్యాలరీ, బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లమకాన్ వంటి చోట్లు హైదరాబాదు కళాకారులకు అందుబాటులో ఉన్నాయి. జిల్లాల్లో మాత్రం పరిస్థితి బాగా లేదు. చాలా ఊళ్లలో బొమ్మలు పెట్టాలంటే కల్యాణమండపమో, పాఠశాల హాలో, టౌన్‌హాలో దిక్కు. అందుకే అక్కడివాళ్లకు తయారీ మరింత ముఖ్యం.

హాలును ఎంచుకోవడం

దరఖాస్తు పెట్టకముందే, అక్కడ వేరేవాళ్ల ప్రదర్శన నడుస్తున్న రోజున వెళ్లి చూడాలి. ఖాళీ హాలు చూస్తే తెలిసేది తక్కువ. సాయంత్రం అయిదింటికి ఎంతమంది వస్తున్నారు, పడమటి కిటికీ వెలుగు ఏ గోడమీద పడుతోంది, కరెంటు పోతే జనరేటరు ఉందా, వానాకాలం గోడ చెమ్మగిల్లుతుందా అన్నవి అప్పుడే కనబడతాయి. టేపు తీసుకెళ్లి గోడల పొడవు అడుగుల్లో కొలుచుకోవాలి. తలుపులు, స్విచ్ బోర్డులు, ఫ్యాను రెగ్యులేటర్లు తీసేసి లెక్కవేస్తే అరవై అడుగుల గోడ నలభైకి తగ్గడం మామూలే. మేకులు కొట్టనిస్తారా, పైన పట్టాలకు వైరు కట్టి వేలాడదీయాలా అన్నది అడగాలి. ఆ పట్టా మీది ఒక్కో కొక్కెం ఎంత బరువు మోస్తుందో కూడా తెలుసుకోవాలి. శిల్పులు దీనికి తోడు పీఠాలు ఉన్నాయా, నేల బరువు ఆపుతుందా, సరుకు లిఫ్టు ఉందా, తలుపు ఎంత వెడల్పు అని చూసుకోవాలి. గ్రానైట్ శిల్పం మెట్ల దగ్గరే ఆగిపోతే ప్రదర్శన అక్కడితో సరి.

గదికి ఎక్కువ బొమ్మలు పెట్టాలన్న ఆశ సహజం. అద్దె కట్టాం కదా అని రెండు వరుసల్లో కుక్కిన గోడ చూసేవాళ్ల కంటికి అలసట. నలభై అడుగుల గోడకు మధ్యరకం సైజు బొమ్మలు పది, పన్నెండు చాలు. మిగిలినవి ఇంట్లో ఉంచుకోవడమే మంచిది.

కొన్ని చిత్రశాలలు ముందు వచ్చినవాళ్లకు ముందు ఇస్తాయి. మరికొన్నింటిలో ఎంపిక కమిటీ ఉంటుంది. కమిటీ ముందుకు వెళ్లేది బొమ్మల ఫొటోలే కాబట్టి వాటిమీద శ్రద్ధ పెట్టాలి. ఎండ నేరుగా తగలని వెలుగులో, అద్దం బిగించక ముందే, ఫ్రేము లేకుండా, కెమెరా బొమ్మకు సమాంతరంగా ఉంచి తీయించాలి. బయోడేటా ఒక పేజీ, బొమ్మల గురించి మీ మాట ఇంకో అర పేజీ చాలు. ఆ అర పేజీలో ఏ వస్తువు, ఏ మాధ్యమం, ఎందుకు అన్నది చెబితే సరిపోతుంది. పెద్ద తత్వవేత్తల పేర్లు దించుకోవలసిన పని లేదు.

ఒప్పందం

సామాజిక చిత్రశాలల్లో చాలా వ్యవహారాలు నోటిమాట మీద, మర్యాదల మీద నడుస్తాయి. అంతా మనవాళ్లే అన్న నమ్మకం మంచిదే కాని కాగితం కూడా ఉండాలి. ప్రదర్శన తేదీలు, లోపలికి తెచ్చే రోజు, తీసుకెళ్లవలసిన రోజు, అద్దె, డిపాజిట్టు, అది తిరిగి వచ్చే షరతులు, అమ్మకంలో చిత్రశాల వాటా, డబ్బు ఎన్నాళ్లలో చేతికి వస్తుంది, రాత్రి కాపలా ఎవరిది, బొమ్మ చెడిపోయినా పోయినా బాధ్యత ఎవరిది – ఇవన్నీ రాసుకుని రెండు పక్షాలూ సంతకం చేయాలి. చాలా చిత్రశాలలకు ప్రదర్శనలో ఉన్న బొమ్మలమీద బీమా ఉండదు. ఉందని ఊహించుకోకుండా అడిగి తెలుసుకోవాలి. విలువైన పని అయితే ఆ వారానికి, రవాణాకు సొంతంగా బీమా చేయించుకోవాలి.

కాగితం ఎందుకు ముఖ్యమో భారత కాపీరైట్ చట్టం చూస్తే అర్థమవుతుంది. 1957 నాటి ఆ చట్టంలోని 57వ సెక్షన్ రచయితకు, కళాకారుడికి ప్రత్యేక హక్కులిస్తుంది. తన కృతిని వికృతం చేసి, ముక్కలు చేసి తన గౌరవానికి భంగం కలిగిస్తే, బొమ్మ అమ్మేసిన తరువాత కూడా కోర్టుకు వెళ్లవచ్చు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన దావా వేస్తే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలను శిల్పికి తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. భారత కళాకారుల హక్కుల చరిత్రలో అదొక మైలురాయి. అయితే అదే సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. కృతిని ప్రదర్శించకపోవడం గాని, కళాకారుడికి తృప్తి కలిగేలా ప్రదర్శించకపోవడం గాని ఆ హక్కును భంగపరచినట్లు కాదు. అంటే మీ బొమ్మను స్తంభం వెనక మూలన తగిలించినా, చోటు చాలదని గోదాములో పెట్టేసినా ఈ చట్టం పట్టించుకోదు. ఏ గోడ, ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు అన్నది ఒప్పందంలో రాసుంటేనే అడగడానికి హక్కు వస్తుంది.

మరో రెండు విషయాలు కూడా కళాకారులు గుర్తుంచుకోవాలి. బొమ్మ అమ్మినంత మాత్రాన దాని కాపీరైట్ కొన్నవాళ్లకు వెళ్లదు. కాపీరైట్ బదిలీ కావాలంటే సంతకం చేసిన రాతపత్రం కావాలి. అందులో గడువు చెప్పకపోతే అయిదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని చట్టం అన్వయిస్తుంది. కళాకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. కాబట్టి చిత్రశాల మీ బొమ్మను క్యాలెండరుకో గ్రీటింగ్ కార్డుకో వాడుకోవాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. ప్రదర్శన ప్రచారానికి వాడుకోవడం వేరు, దాన్ని ఒప్పందంలో ఒక వాక్యంగా చేర్చాలి. రెండోది, ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న చిత్రాలకు, మూర్తిచిత్రాలకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి కాపీరైట్ యజమాని వేయించుకున్నవాళ్లే. అలాంటి పనిని ప్రదర్శనలో పెట్టి ఫొటో అచ్చు వేసే ముందు వాళ్లను అడగాలి.

బొమ్మను గోడకు సిద్ధం చేయడం

ప్రదర్శన మంచిదా కాదా అన్నది సగం ఇక్కడే తేలుతుంది. మన వాతావరణం కాగితానికి, గుడ్డకు శత్రువు. కోస్తా ఊళ్లలో ఉప్పు గాలి, చెమ్మ. తెలంగాణ, రాయలసీమల్లో వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ.

నీటిరంగుల చిత్రం అద్దాన్ని తాకకూడదు. తాకితే మధ్యలో చెమ్మ చేరి బూజు పడుతుంది. బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు కాని, సన్నని పట్టీ కాని ఉండి గాలి ఆడాలి. మామూలు అట్టలో ఆమ్లం ఉంటుంది. కొన్నేళ్లకు మౌంట్ కిటికీ అంచు వెంబడి బొమ్మమీద గోధుమరంగు గీత పడుతుంది. ఆమ్లరహిత బోర్డుకు ఖర్చు కొంచెం ఎక్కువైనా, కొన్నవాళ్ల ఇంట్లో మీ బొమ్మ ఎంతకాలం బతుకుతుందో దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఫ్రేము వెనక పైనుంచి మూడో వంతు దిగువన రెండు వైపులా డి ఆకారపు రింగులు బిగించి వైరు కట్టాలి. పైకొసన మధ్యలో ఒక్క కొక్కెం పెడితే ఎవరి భుజమో తగిలినప్పుడల్లా బొమ్మ పక్కకు ఒరుగుతుంది.

అక్రిలిక్ రంగు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో బబుల్ ర్యాప్ నేరుగా చుట్టి వ్యానులో పంపిన కాన్వాసుమీద బుడగల అచ్చులు పడతాయి. ముందు గ్లాసిన్ కాగితం కప్పి, ఆపైన బబుల్ ర్యాప్ చుట్టాలి. కాన్వాసును చుట్టవలసి వస్తే రంగు వైపు బయటికి ఉంచి, వీలైనంత లావు గొట్టానికి చుట్టాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగుళ్లు వస్తాయి. తైలవర్ణ చిత్రం ముట్టుకుంటే ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. ప్రదర్శన దగ్గరపడిందని తొందరపడి వార్నిష్ పూయడం తప్పు.

గుడ్డమీద పనికి వేరే జాగ్రత్తలున్నాయి. చేర్యాల పటం ఖద్దరు గుడ్డమీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి, బంక కలిపి పూసిన పొరమీద వేస్తారు. ఆ పొర గట్టిగా చుట్టితే విరుగుతుంది. వదులుగా, లావు కర్రకు చుట్టి తేవాలి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతకు బెల్లం, ఇనుము ఊరబెట్టిన ద్రావణం వాడతారు. కాలం గడిచే కొద్దీ ఇనుము ఆ గీత వెంబడే నూలును బలహీనపరుస్తుంది. అలాంటి గుడ్డను రెండు మూలల్లో గుండుసూదులతో బిగించి వేలాడదీస్తే బరువంతా ఆ రెండు చోట్లే పడి చిరుగుతుంది. పైఅంచు పొడవునా నూలు పట్టీ కుట్టి, దాని గొట్టంలోంచి కర్ర దూర్చి వేలాడదీస్తే బరువు సమంగా పంచుకుంటుంది. పూలు, వేళ్లు, కరక్కాయ వంటి వాటితో చేసిన రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. కాగితానికి, గుడ్డకు 50 లక్స్, తైలవర్ణానికి 150 నుంచి 200 లక్స్ వెలుగు మ్యూజియంలు పాటించే కొలత. మన హాళ్లలో స్పాట్‌లైట్లు దీనికి చాలా రెట్లు ఎక్కువ. వారం రోజుల్లో మునిగిపోయేదేమీ లేదు గాని, అలాంటి పనిని దీపం కిందా కిటికీ ఎదుటా కాకుండా కాస్త నీడ గోడకు పెట్టమని అడగాలి.

బొమ్మ నడిమిభాగం నేలనుంచి 57–60 అంగుళాల ఎత్తులో ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. అన్ని బొమ్మలకూ ఆ ఒకే కొలత పాటిస్తే సైజులు వేరైనా గోడ ఒద్దికగా ఉంటుంది. బడిపిల్లలు ఎక్కువగా వచ్చే చోటైతే ఇంకో మూడు నాలుగు అంగుళాలు దించడం నా అభిప్రాయంలో న్యాయం.

లేబులు మీద పేరు, శీర్షిక, మాధ్యమం, ఎత్తు × వెడల్పు, సంవత్సరం, ధర ఉండాలి. ఇవి తెలుగులోనూ ఉండాలి. తెలుగు ఊళ్లో, తెలుగు జనం కోసం నడిచే హాల్లో లేబుళ్లన్నీ ఇంగ్లీషులోనే ఉండటం మన ప్రదర్శనల పెద్ద లోపం. అక్షరాలు కనీసం రెండడుగుల దూరం నుంచి కళ్లద్దాలు లేకుండా చదవగలిగేటంత పెద్దవి కావాలి. సాంకేతిక పదం వాడితే ఒక ముక్కలో దాన్ని వివరించాలి. “ఎచింగ్” అని రాసి వదిలేయకుండా “రాగిరేకుమీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసిన అచ్చు” అని రాస్తే చూసేవాళ్లు మళ్లీ వెనక్కి తిరిగి ఆ బొమ్మను చూస్తారు.

ధర, అమ్మకం

ధర చెప్పడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. ధర రాయకపోతే కొనగలిగినవాళ్లు కూడా అడగకుండా వెళ్లిపోతారు. అమ్మకానికి లేనివాటికి ఆ మాటే రాయాలి. ధర కట్టేటప్పుడు చిత్రశాల వాటాను మరచిపోకూడదు. ఉదాహరణకు 10,000 రూపాయల బొమ్మలో చిత్రశాలకు 25 శాతం పోతే 7,500 మిగులుతుంది. అందులో ఫ్రేముకు 1,800, రంగులకు, కాన్వాసుకు 1,200, అద్దెలో ఆ బొమ్మ వంతు 1,000 తీసేస్తే చేతికి వచ్చేది 3,500. నెల రోజుల పనికి అది సరిపోతుందో లేదో ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇంటి దగ్గర ఒక ధర, హాల్లో ఒక ధర ఉండకూడదు. ప్రదర్శనలో 10,000 అని రాసి, ముగిశాక ఇంటికి వచ్చినవాళ్లకు 6,000కు ఇస్తే ఆ వార్త ఊరంతా తిరుగుతుంది. మొదట కొన్నవాళ్లకూ, చిత్రశాలకూ అది అన్యాయం.

అమ్ముడైన బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటించి, ప్రదర్శన ముగిసేదాకా గోడమీదే ఉంచడం ఆచారం. అడ్వాన్సు తీసుకుని రసీదు ఇచ్చాకే చుక్క పెట్టాలి. చిన్న ధరలో, 500 నుంచి 2,000 లోపు అచ్చులో చిన్న డ్రాయింగులో కొన్ని ఉంచితే, జీవితంలో మొదటిసారి ఒక బొమ్మ కొనుక్కునేవాళ్లకు అవకాశం దొరుకుతుంది. సామాజిక చిత్రశాలలో ఇది ముఖ్యమైన సంగతి. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో కుమారకృపా రోడ్డుమీద పెట్టే చిత్రసంతె విజయానికి ఒక కారణం అదే. అక్కడ వందల రూపాయలనుంచి లక్షల దాకా ధరలున్న బొమ్మలు ఒకే వీధిలో పక్కపక్కన కూర్చుంటాయి. తెలుగు రాష్ట్రాలనుంచి కూడా కళాకారులు వెళ్లి బొమ్మలు పెడుతుంటారు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు స్థానిక కళాకారులకు గోడలిస్తాయి, అద్దె తక్కువ లేదా అసలు ఉండదు. వారాంతాల్లో బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు అది మంచి అవకాశం. అయితే ఉద్యోగ వీసామీద ఉన్నవాళ్లు బొమ్మలు అమ్ముకోవడం అనుమతి లేని పనిగా లెక్కకు రావచ్చు. ప్రదర్శించడం వేరు, అమ్మడం వేరు. ధర పెట్టకముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగాలి.

ప్రదర్శన రోజులు

ప్రారంభోత్సవం మీదే డబ్బంతా పెట్టడం మన దగ్గర అలవాటు. ముఖ్య అతిథి, శాలువా, జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు అయ్యేసరికి బొమ్మలు చూసే సమయం ఉండదు. మొదటి సాయంత్రం వచ్చినవాళ్లలో చాలామంది బంధుమిత్రులు. అసలు ప్రేక్షకులు రెండో రోజునుంచి వస్తారు. అందుకే మిగిలిన రోజులకు ఏదో ఒకటి కల్పించాలి. ఒక సాయంత్రం బొమ్మ ఎలా వేశారో వేసి చూపించడం, ఒక ఉదయం పక్క బడి పిల్లలను పిలవడం, ఆదివారం తోటి కళాకారుడితో మాటామంతీ – వీటికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. పత్రికల జిల్లా పేజీలకు వారం ముందే ఒక మంచి ఫొటో, పది వాక్యాల వివరం పంపాలి. తేదీ, వేళ, చిరునామా, ప్రవేశం ఉచితమన్న మాట అందులో తప్పకుండా ఉండాలి. ఉచితమని తెలియక ఆగిపోయేవాళ్లు ఎందరో.

కళాకారుడు అన్ని రోజులూ హాల్లో ఉండాలి. ఫోను చూసుకుంటూ మూల కూర్చోవడం కాదు, వచ్చినవాళ్లు ఒక బొమ్మ ముందు ఆగినప్పుడు రెండు నిమిషాలు వాళ్లను చూడనిచ్చి, తరువాత దగ్గరికి వెళ్లాలి. “ఏమనిపించింది” అని అడగడంకన్నా “ఈ చెట్టు మా అమ్మమ్మగారి పెరట్లోదండి” అని ఒక నిజం చెప్పడం మాటను సులువుగా మొదలుపెడుతుంది. సందర్శకుల పుస్తకంలో అభిప్రాయంతో పాటు, ఇష్టమైతే ఫోను నంబరు రాయమని అడగాలి. రెండో ప్రదర్శనకు వచ్చే జనం ఆ పుస్తకంలోనే ఉన్నారు.

ముగిశాక, తెచ్చినప్పుడు రాసుకున్న జాబితాతో సరిచూసుకుని, దెబ్బ తిన్నవాటిని చిత్రశాలవాళ్ల ఎదుటే ఫొటో తీసి, రాతలో పెట్టి తీసుకెళ్లాలి. గోడకు కొట్టిన మేకులు పీకి రంధ్రాలు పూడ్చి ఇవ్వడం కళాకారుడి మర్యాద. ఏ బొమ్మ ఎవరు, ఎంతకు, ఎప్పుడు కొన్నారో రాసి దాచుకోవాలి. కాపీరైట్ చట్టంలోని 53ఏ సెక్షన్ ప్రకారం 10,000 రూపాయలకు పైగా ధరకు ఒక మూలచిత్రం మళ్లీ అమ్ముడైతే కళాకారుడికి, వారసులకు అందులో వాటా అడిగే హక్కుంది. ఆ వాటా 10 శాతానికి మించదు. మొదటి అమ్మకం రికార్డే లేకపోతే ఆ హక్కును రుజువు చేసుకోవడం చాలా కష్టం.

జిల్లాల్లో హాళ్లు లేవన్న బాధకు ఒక దారి మన చేతిలోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత జిల్లా కేంద్రాల్లో జిల్లా గ్రంథాలయ సంస్థ వారి కేంద్ర గ్రంథాలయం ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు మనం కట్టే సెస్సుతో అది నడుస్తోంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు అక్కడ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, జనం వస్తారు, పిల్లలు వస్తారు. మీ ఊళ్లో చిత్రశాల లేకపోతే సెప్టెంబరులోనే గ్రంథాలయ సంస్థ కార్యదర్శిగారికి, పది బొమ్మల ఫొటోలు జతచేసి, ఆ వారానికి ఒక గోడ ఇవ్వమని తెలుగులో ఉత్తరం రాయండి.